మెయిన్ తీశావా?

"ఆ నిచ్చెన ఎక్కొద్దు."

"ఎక్కకుండా లైటు ఎలా మార్చాలి? కింద నిలబడి బతిమాలితే అదే దిగొస్తుందా?"

"జోకులొద్దు. నాకు నిజంగా భయమేస్తోంది."

"నీకు భయం వెయ్యని పనేదైనా ఉంటే చెప్పు, ముందు అది చేస్తాను."

చిన్ని పెరటి గుమ్మంలో నిలబడి జడ కొసను వేలికి చుట్టుకుంటోంది. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి నవ్వుతున్న అబ్బాయి ఎలక్ట్రీషియన్. అతనికి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది గానీ, చిన్ని ఫోన్లో మాత్రం 'ఫ్యూజు' అనే ఉంటాడు.

ఆ పేరు వెనక కథ చిన్నదే. చిన్ని పనిచేసే కళ్ళద్దాల షాపులో ఒకరోజు కరెంటు బోర్డులోంచి కాలిన వాసన వచ్చింది. ఆమె కస్టమరు ముక్కు మీద ఫ్రేము అలాగే వదిలేసి రోడ్డు మీదికి పరిగెత్తింది. రిపేరుకొచ్చిన ఈ అబ్బాయి "ఏం కాలేదండీ, ఫ్యూజు పోయిందంతే, లోపలికి రండి" అన్నాడు. "ముందు మీరు బయటికి రండి, తర్వాత నేనొస్తాను" అంది చిన్ని. అతను నిజంగానే బయటికొచ్చి రెండు చేతులూ చాపి, "వేళ్ళన్నీ ఉన్నాయి, కావాలంటే లెక్కపెట్టుకోండి" అన్నాడు. ఇంకో అమ్మాయైతే నవ్వేది. చిన్ని లెక్కపెట్టింది. ఫ్యూజు ఆ క్షణాన్నే పడిపోయాడు.

అది మొదలు ఆ షాపులో ఏ జబ్బూ లేని లైట్లకు కూడా వైద్యం జరిగింది. పోయిన వారం "మీ ఇంట్లో మాట్లాడమంటావా?" అని అడిగాడు. ఆదివారం చెప్తానంది చిన్ని. ఇవాళే ఆ ఆదివారం.

అతనంటే ఇష్టం లేక కాదు. ఇష్టం పీకల దాకా ఉంది. భయం ఇంకాస్త పైదాకా ఉంది. పొద్దున సంచి తగిలించుకుని వెళ్ళిన మనిషి సాయంత్రం తిరిగొచ్చేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవాలి. ఒకరోజు కాదు, జీవితాంతం. అది తనవల్ల అవుతుందా? వారం రోజులుగా చిన్నికి నిద్ర పట్టనివ్వని ప్రశ్న అదే.

ఆ భయానికి నీళ్ళు పోసి పెంచింది నాన్న. ఆయన ప్లంబరు. "నీళ్ళు లీకైతే కనిపిస్తాయి, వినిపిస్తాయి, కాళ్ళు తడుస్తాయి. కరెంటు లీకైతే మనిషి పోయాక తెలుస్తుంది. మర్యాద లేని సరుకు!" అని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి ఒక తోక కూడా ఉంది. "ఎవరికైనా ఇస్తాను గానీ, ఎలక్ట్రీషియన్‌కి మాత్రం నా పిల్లనివ్వను."

అలాంటి ఇంటికి ఎలక్ట్రీషియన్ని రప్పించిన ఘనత అమ్మది.

పెరటి గుమ్మం పైన, మనిషి కదిలితే వెలిగే సెన్సర్ లైటు ఒకటుంది. కొన్నాళ్ళుగా దానికి మతి పోయింది. పిల్లి వస్తే వెలుగుతుంది, ఆరేసిన దుప్పటి ఊగితే వెలుగుతుంది, నాన్న వస్తే మాత్రం వెలగదు. "నేను మనిషిని కానా?" అని ఆయన దాని కింద చేతులూపుతూ గెంతుతుంటే అమ్మ నవ్వలేక గోడకు ఆనుకుంది. చిన్నికి నవ్వు రాలేదు. ఎవరూ లేని పెరట్లో ఉన్నట్టుండి లైటు వెలిగితే, ఎవర్ని చూసి వెలిగిందా అని ఆమెకు చెమటలు పట్టేవి.

"కళ్ళద్దాల షాపుకొస్తాడటగా ఓ అబ్బాయి, అతన్ని పిలిపిద్దాం" అంది అమ్మ, అన్నాల దగ్గర.

"ఈ ఊళ్ళో ఇంకెవరూ ఎలక్ట్రీషియన్లు లేరా?" అన్నాడు నాన్న.

"ఉంటారు. వాళ్ళ కబుర్లు మన పిల్ల రోజూ చెప్పదుగా."

నాన్న నమలడం ఆపి చిన్ని వైపు చూశాడు. చిన్ని కంచంలోకి చూసుకుంది.

అదీ సంగతి. ఈ సాయంత్రం ఆకాశం నిండా మబ్బు పట్టింది. "వానొచ్చేలోపు ముగించమను" అని నాన్న లోపలికి వెళ్ళిపోయాడు. ఒక ఎలక్ట్రీషియన్ తన ఇంట్లో పనిచేస్తుంటే తను కాళ్ళు చాపుక్కూర్చోవడం ఆయనకు పరువు తక్కువగా తోచింది. బాత్రూంలో ఎన్నాళ్ళ నుంచో కారుతున్న ట్యాపు గుర్తొచ్చింది. ప్లంబరు ఇంట్లో ట్యాపు కారకపోతే వింత గానీ కారితే వింతేముంది! నీళ్ళు కట్టేసి, ట్యాపు విప్పి, దాని ముందు కూర్చున్నాడు. పెరట్లో ఉన్న చిన్నికి ఆ సంగతి తెలియదు.

"జవాబు?" అన్నాడు ఫ్యూజు గొంతు తగ్గించి.

"ముందు దిగు. దిగాక చెప్తా."

"ఇంకా ఎక్కనే లేదు, దిగడమేంటి?"

లోపలినుంచి నాన్న దగ్గు వినిపించింది.

"కాస్త ఆ స్క్రూడ్రైవర్ అందిస్తారా అండీ?" అన్నాడు ఫ్యూజు గట్టిగా, మహా మర్యాదగా.

చిన్నికి నవ్వొచ్చింది. నవ్వుతూనే అందించింది. వేళ్ళు తగిలాయి. అతను చూశాడు, ఆమె నిచ్చెన వంక చూసింది. గాలికి ఒక చినుకు వచ్చి ఆమె ముక్కు మీద పడింది. అది తుడుచుకునే మిషతో ఇంకోసారి చూసింది.

ఫ్యూజు గుమ్మం పక్కనున్న స్విచ్చి ఆపి, నిచ్చెనెక్కి, పాత లైటు మూత విప్పాడు. మట్టిపెళ్ళలు, ఎండుటాకులు, చీమలు బొలబొలా రాలాయి.

"ఇదిగో మీ దయ్యం! కందిరీగ కట్టిన గూడు. సరిగ్గా సెన్సర్ కంటికి అడ్డంగా కాపురం పెట్టింది. ఇంక మీ నాన్నగారు దానికెలా కనిపిస్తారు, పాపం!"

"ఛీ, ఇప్పుడే తుడిచానిక్కడ!"

"కడిగితే పోతుందిలే."

దూరంగా ఉరిమింది. చిన్ని గుమ్మం పట్టుకుంది. కొత్తది బిగించడానికి ఫ్యూజు, లోపలంతా తుప్పు పట్టిన పాత లైటును గోడనుంచి ఊడదీసి, తీగలకు వేలాడుతున్నదాన్ని ఒక చేత్తో పట్టుకుని అన్నాడు. "ముందు మెయిన్ తియ్యి, చిన్నీ."

చిక్కంతా ఇక్కడే వచ్చింది.

ఎలక్ట్రీషియన్ నోట మెయిన్ తియ్యడమంటే ఇంటి కరెంటు మొత్తం ఆపెయ్యడం. ప్లంబరు ఇంట్లో మెయిన్ అంటే బాత్రూం వెనక గోడకున్న పెద్ద వాల్వు, తియ్యడమంటే నీళ్ళు వదలడం. చిన్నికి మాటలొచ్చిన నాటినుంచి "మెయిన్ తియ్యవే", "మెయిన్ వెయ్యవే" అని నాన్న చెప్పిందల్లా ఆ వాల్వు గురించే. పైగా మట్టి కడగాలని ఇప్పుడే అనుకున్నారు. కడిగే రబ్బరు పైపు ఎదురుగానే ఉంది. ఇక కరెంటంటారా, అతను స్విచ్చి ఆపడం కళ్ళారా చూసింది. స్విచ్చి ఆపినా తీగలో కరెంటు ఉండిపోవచ్చని, ఆపిన కరెంటును మళ్ళీ ఇంకోచోట ఆపాలని ఆమెకెలా తెలుస్తుంది?

చిన్ని వెళ్ళి, బిగుసుకున్న వాల్వును రెండు చేతులా తిప్పింది. ఎవరు కట్టేశారబ్బా అనుకుంది గానీ ఆగలేదు.

"తీశావా?" అని కేకేశాడు ఫ్యూజు.

"తీశాను!"

"పూర్తిగా?"

"పూర్తిగా తీశాను బాబూ!"

ఫ్యూజు చొక్కా జేబులో టెస్టరుంది. ఎవరి ఇంట్లోనైనా, ఆ ఇంటివాళ్ళు దేవుడి మీద ఒట్టేసి చెప్పినా, టెస్టరు పెట్టి చూడందే అతను తీగ ముట్టుకోడు. ఇవాళ చెప్పింది చిన్ని. అతను జేబులో చెయ్యి పెట్టలేదు.

చిన్ని చీపురు కోసం వంటింట్లోకి వచ్చింది. పైన ఫ్యాను తిరుగుతోంది, మూల ఫ్రిజ్ గురక పెడుతోంది. రోజూ ఉండేవే కదా, పట్టించుకోలేదు.

"ఎవరే మెయిన్ తీసింది!"

బాత్రూంలోంచి నాన్న కేక. నోరు తెరిచిన మనిషి నోట్లోకే నీళ్ళు కొట్టినట్టున్న కేక. ఆ వెనకే ఆయనా వచ్చాడు, నిలువెల్లా తడిసి, చేతిలో రెంచితో. ఆయన వెనకాల నీళ్ళు గడప దాటి వస్తున్నాయి.

"నేనే నాన్నా! తియ్యమన్నాడు!"

"ఎవడు?"

"అతనే, లైటు మార్చే..."

"కరెంటు పనివాడికి నీళ్ళతో పనేంటే? వాడు తియ్యమంది కరెంటు మెయిన్..."

నాన్న మాట అక్కడే ఆగిపోయింది. తండ్రీకూతుళ్ళిద్దరూ ఒక్కసారే తలెత్తి పైకి చూశారు. ఫ్యాను తిరుగుతోంది.

చిన్ని "ముట్టుకోకు" అని అరుద్దామంటే గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. పెరట్లోకి పరిగెత్తాలా? అక్కడికి వెళ్ళి ఏం చెయ్యాలి, అతన్ని లాగాలా? లాగకూడదంటారు. కరెంటు బోర్డు ముందుగదిలో ఉంది. ఆ బోర్డు మూత చిన్ని జన్మలో తెరవలేదు. దాని కింద కుర్చీ వేసినా పక్కకి జరిపేది.

నాన్న పరిగెత్తబోయి తడి నేల మీద జారి మోకాళ్ళ మీద పడ్డాడు. "బోర్డు! చిన్నీ, బోర్డు!" అన్నాడు.

ఎలా వెళ్ళిందో ఆమెకు తెలియదు. మూత తీసింది. లోపల నల్లటి స్విచ్చులు వరసగా ఉన్నాయి. ఏది మెయినో ఎవరికి తెలుసు? కళ్ళు గట్టిగా మూసుకుని అన్నిటినీ అరచేత్తో కిందికి లాగేసింది.

ఫ్రిజ్ నోరు మూసుకుంది. ఫ్యాను నెమ్మదించింది. "కరెంటు పోయిందేమిటి?" అని అమ్మ గొంతు పక్కగదిలోంచి వినిపించింది.

అదే క్షణంలో పెరట్లో దబ్బుమని ఏదో పడింది.

చిన్ని కదల్లేకపోయింది. ఆలస్యమైపోయిందా? నేనే చంపేశానా? 'పూర్తిగా తీశాను బాబూ' అన్న తన మాటే చెవుల్లో తిరుగుతోంది. పెరటి గుమ్మం రోజూ దాటేదే. ఇప్పుడు ఆ గుమ్మం దాటకుండా ఉంటే బాగుండుననిపించింది. దాటనంతసేపూ అతను బతికే ఉంటాడు. ఆ ఆలోచనకు తన మీద తనకే ఏడుపొచ్చి, గోడ పట్టుకుని నడిచింది.

ఫ్యూజు మట్టిలో కూర్చుని ఉన్నాడు. నిచ్చెన పక్కన పడి ఉంది. కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని, దాన్నెవరో కొత్తగా ఇచ్చినట్టు చూసుకుంటున్నాడు.

"జివ్వుమని లాగింది" అన్నాడు. పెదాలు తెల్లబడి ఉన్నాయి. "అంతలో వదిలేసింది. ఏం జరిగింది?"

చిన్ని మట్టిలోనే కూలబడి అతని వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. చూపుడువేలి కొసన కమిలింది. మిగతావన్నీ ఉన్నాయి. అప్పుడొచ్చింది ఏడుపు, ఆపితే ఆగని ఏడుపు.

"టెస్టరు పెట్టలేదా నువ్వు?"

"నువ్వు తీశానన్నావుగా!"

"నేను నీళ్ళు తీశాను!"

"నీళ్ళా?"

"మా ఇంట్లో మెయిన్ అంటే నీళ్ళు! నేనంటే మాత్రం? ఎవరో ఏదో అంటే నమ్మేస్తావా?"

"ఎవరో కాదుగా..."

"ఎవరైనా సరే! నా మాట నమ్మొద్దు. ఎప్పుడూ నమ్మొద్దు. నేను ఏడ్చి చెప్పినా, నీ కాళ్ళ మీద పడి చెప్పినా నమ్మొద్దు. అర్థమైందా?" అంటూ వీపు మీద రెండు దెబ్బలు వేసింది.

ఈలోగా నాన్న నీళ్ళ వాల్వు కట్టేసి వచ్చి నిలబడ్డాడు. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి. కూతురి చేతుల్లో ఉన్న పరాయి అబ్బాయి చేతిని చూశాడు. ఏదో అనబోయి, వంగి ఆ మణికట్టు పట్టుకుని నాడి చూశాడు.

"కొట్టుకుంటోంది" అన్నాడు. "లే, డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"వెళ్దామండీ. ఆ తీగలు మూసేసి వెళ్దాం. వానొస్తే తడుస్తాయి, ఇంక ఇంట్లో కరెంటు వేసుకోలేరు." ఫ్యూజు లేచి నిచ్చెన నిలబెట్టాడు. కొత్త లైటు తీసుకోబోతే కుడిచేతిలోంచి జారింది. ఎడంచేత్తో పట్టుకున్నాడు గానీ, వేళ్ళు వణికి స్క్రూ కింద పడింది.

చిన్ని ముక్కు తుడుచుకుంది. "జరుగు. నేనెక్కుతాను."

"నువ్వా?" అన్నారు ఇద్దరు మగవాళ్ళూ ఒకే గొంతుతో.

"నేనే. నువ్వు కింద నుంచి చెప్పు. అమ్మా! ఆ బోర్డు దగ్గర నిలబడు, ఎవర్నీ రానివ్వకు!"

"నేనుండగా ఎవరొస్తారే?" అంది అమ్మ లోపలినుంచి.

చిన్ని అతని జేబులోంచి టెస్టరు తీసుకుని ఎక్కింది. చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ చెరోవైపు నిచ్చెన పట్టుకున్నారు. తీగలకు టెస్టరు ఆనించింది. వెలగలేదు. ఇంకోసారి చూసింది. ఆ తర్వాత మళ్ళీ చూసింది.

"చాలు, కరెంటు లేదు" అన్నాడు ఫ్యూజు.

"నీ మాట కూడా నమ్మను. నోరు ముయ్యి."

వేలితో ఎర్ర తీగ ముట్టుకుంది. ఏమీ కాలేదు. కిందనుంచి ఫ్యూజు చెప్తుంటే కొత్త లైటు వెనక గుంటల్లో ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు, పచ్చకి పచ్చ పెట్టి బిగిస్తోంది. పైమెట్టు మీద మునివేళ్ళ మీద లేచి నిలబడేసరికి నిచ్చెన కాస్త ఊగింది.

"జాగ్రత్త! కాలు... కాలు చూసుకో! చాలు, దిగిపో చిన్నీ. టేపు చుట్టి వదిలేద్దాం. దిగిపో."

"ఏం?"

"నాకు భయంగా ఉంది."

చిన్ని చేతులాపి కిందికి చూసింది. వానలో తడుస్తూ, తలెత్తి, రెప్ప వెయ్యకుండా తన పాదాలనే చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ తను అతన్ని ఎలా చూసేదో ఇవాళ అతను తనని అలా చూస్తున్నాడు.

"ఏమయ్యా" అన్నాడు నాన్న పక్కనుంచి. "కరెంటు లేదని నువ్వే అన్నావు. మరెందుకా వణుకు?"

"లేదని తెలుసండీ. తెలిసినా ఆగట్లేదు. మీకు భయంగా లేదా?"

నాన్న తన చేతులు చూసుకున్నాడు. అవీ నిచ్చెనను విరిగిపోయేలా పట్టుకుని ఉన్నాయి. "ఇది పుట్టినప్పటి నుంచీ నాకంతే" అన్నాడు.

వాన కొంచెం పెరిగింది. చిన్ని ఆఖరి స్క్రూ పెట్టి తిప్పుతూ, కిందికి చూడకుండానే, "జవాబు అడిగావుగా" అంది.

"ఇప్పుడా? దిగాక చెప్పు!"

"దిగితే చెప్పలేను. విను. ఇందాక దబ్బుమని చప్పుడైనప్పుడు నా పని అయిపోయిందనుకున్నాను. నిన్ను వద్దంటే ఈ భయం పోతుందేమోనని వారం నుంచీ ఆలోచిస్తున్నా. పోదు. నువ్వు ఎవరింట్లో ఏ నిచ్చెనెక్కావోనని, నువ్వు నాకేమీ కాకపోయినా భయపడుతూనే ఉంటాను. పెళ్ళి చేసుకున్నా పోదు, మానేసినా పోదు. అలాంటప్పుడు చేసుకునే భయపడతాను. సాయంత్రమైతే కనీసం ఇంటికొస్తావు. వేళ్ళు లెక్కపెట్టుకోవచ్చు."

ఫ్యూజు నోరు తెరిచాడు. లోపలికి వాన నీళ్ళు పోయాయి. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, నిచ్చెనకు రెండోవైపు ఎవరున్నారో. నెమ్మదిగా తల తిప్పాడు.

"నేను వినలేదు" అన్నాడు నాన్న.

"అది కాదండీ..."

"వినలేదన్నానా? అది కిందికి దిగేదాకా నాకేమీ వినిపించదు. నువ్వు నిచ్చెన చూడు."

"నేను విన్నాను!" అంది అమ్మ ఇంట్లోంచి. "నాకేం అభ్యంతరం లేదు!"

"నిన్నెవరడిగారు?" అని అరిచాడు నాన్న. ఆ అరుపులో కోపం ఎంత వెతికినా దొరకదు.

చిన్ని దిగసాగింది. ఒక్కో మెట్టూ దిగుతుంటే ఇద్దరి తలలూ ఆమె పాదాలతోపాటు కిందికి వస్తున్నాయి. రెండు కాళ్ళూ బురదలో ఆనాక ముగ్గురూ ఒకేసారి ఊపిరి వదిలారు. ఎవరూ నిచ్చెన మాత్రం వదల్లేదు.

చిన్ని తండ్రి మొహంలోకి చూసింది. "నాన్నా, ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వనన్నావుగా..."

"అన్నాను. ఇప్పటికీ అదే మాట." నాన్న మొహం మీది నీళ్ళు అరచేత్తో తుడుచుకుని, వణుకుతున్న అబ్బాయి భుజం పట్టుకున్నాడు. "పిరికివాడికి ఇవ్వనని ఎప్పుడన్నాను? పదవయ్యా, ముందు డాక్టరుకి ఆ వేలు చూపిద్దాం. నువ్వూ రావే చిన్నీ. దారిలో వీళ్ళ పెద్దవాళ్ళకి ఫోన్ చేసి, ఎప్పుడొస్తారో కనుక్కో."